సందుతో కలిపి

జూన్ 3

వదినా,

కవరు మందంగా ఉందని కంగారు పడకు, లోపలున్నవి కబుర్లే. ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతే. కానీ మనిద్దరం ఫోన్లో నవ్వుకుంటుంటే అన్నయ్య ఎదురుగా కూర్చుని నీ మూతికేసి చూస్తుంటాడని నువ్వే అన్నావుగా. పలకలు కోసే మిషను చెవులు తినేసినప్పటి నుంచి ఎవరు నవ్వినా తన గురించేనని అనుమానం. ఉత్తరమైతే వేలు పెట్టుకుని నెమ్మదిగా తనూ చదువుకుంటాడు. సిమెంటుకి అరిగిపోయిన ఆ వేళ్ళని ఫోను ఎలాగూ గుర్తుపట్టదు.

ఆఫీసులో నాకు మొదటి పెద్ద పని వచ్చింది. ఒక ఆసుపత్రిలో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ముప్పై మీటర్ల నడవ. దాని నేల నేను గీయాలి. మా మేడమ్, అంటే మా ఆఫీసు నడిపే ఆర్కిటెక్టు, కళ్ళజోడు తీసిందంటే ఎవరికో మూడిందని అర్థం. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూసి, "ప్రతి షోరూములో దొరికే టైల్స్ నాకొద్దు" అంది. నాకు ఠక్కున మీ ముందు గదిలో అన్నయ్య పరిచిన తిరగలి గుర్తొచ్చింది. నడుమ చిన్న చదరం, దాని చుట్టూ నాలుగు పొడుగు ముక్కలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నట్టు. అలాంటి నేల ఒకటుందని చెప్పాను. చూపించమంది. ఫొటో చూపించాను. "ఇది గియ్యి" అంది.

గీయడమంటే చేత్తో కాదు. కంప్యూటర్లో నేలంతా డిజైను నింపడాన్ని హాచ్ అంటాం. ఇటుకల వరస, చేపముల్లు లాంటివి సిద్ధంగా ఉంటాయి, నొక్కితే పరుచుకుంటాయి. తిరగలి అందులో లేదు, మనమే తయారు చెయ్యాలి. బొమ్మ చూపిస్తే దానికి అర్థం కాదు, అంకెల్లో చెప్పాలి. ఈ గీత ఎక్కడ మొదలు, ఎటు పోతుంది, ఎంత దూరం గీసి ఎంత దూరం కలం ఎత్తాలి, మళ్ళీ అలాంటి గీత ఎంత జరిగాక రావాలి. ఒక్క తిరగలి చెబితే చాలు, ఊరంతా పరిచేస్తుంది. మనం చెప్పింది తప్పయినా అంతే నమ్మకంగా పరిచేస్తుంది, అదే చిక్కు.

అన్నయ్యని అడిగి ఒక్క కొలత పంపు. ఒక తిరగలి నుంచి పక్క తిరగలికి ఎంత? మిల్లీమీటర్లలో. పలకకీ పలకకీ నడుమ సందు ఎంత వదిలాడో కూడా. సందంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు, మేస్త్రీ పెళ్ళానివి.

నీ ఆడపడుచు,
పెన్సిలు


జూన్ 11

పెన్సిలుకి,

మీ వదిన రాసేది. నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికిచ్చిన దగ్గర్నుంచి నా ఇల్లు ఇల్లు కాదు. ఆదివారం పొద్దున్నే మంచం ఎత్తించాడు, బీరువా జరిపించాడు, నేల తుడిపించాడు. నేను తుడిచింది చాలక తనే మోకాళ్ళ మీద కూర్చుని పాత బనీనుతో ఒక్కో సందూ తుడిచాడు. పెళ్ళైన కొత్తలో కూడా నన్నంత శ్రద్ధగా చూడలేదమ్మా.

టేపుతో కొలిచాడు. టేపు మీద నమ్మకం లేక స్టీలు స్కేలు తెచ్చి కొలిచాడు. నా చేతికి నోటుపుస్తకం ఇచ్చి "రాసుకో" అని మొదలెట్టాడు. పొడుగు ముక్క ఇంత, పొట్టి వైపు ఇంత, నడిమి చదరం ఇంత, ఈ మూల ఎందుకు తప్పకూడదంటే... గంటసేపు. వినపడని మనిషికి ఎదుటివాళ్ళ ఆవులింతలు కూడా వినపడవు. పొయ్యి మీద గిన్నె మాడి కంపు ఇల్లంతా నిండినా ఆపలేదు. ఆయన చెప్పిందంతా రాస్తే అది ఉత్తరం కాదు, గ్రంథం. నువ్వడిగింది రాస్తున్నాను.

తిరగలికి తిరగలికి 306.
సందు 3.

సరేనా? ఇంకో మాట. నేల పరిచేది ఎవరని అడుగుతున్నాడు. "తిరగలి తిప్పడం కొత్తవాళ్ళకి రాదు, రెండో వరసకే తల తిరిగి పడతారు. నేను రానా అని అడుగు" అన్నాడు. అడిగాను. ఈమధ్య ఆయనకి పనులు తగ్గాయి. చెవులు లేని మేస్త్రీని పైనుంచి పిలిస్తే పలకడని, ఏదన్నా మీద పడితే ఎవరు జవాబుదారీ అని పనిచ్చేవాళ్ళకి భయం. నువ్వొక మాట చెబితే ఎలా ఉంటుందో చూడు.

ఇక్కడ కుట్టు షాపులో నాకు చేతినిండా పనే. ఒకావిడ ముప్పై ఆరు నడుముకి ముప్పై రెండు కుట్టమంటుంది, తగ్గుతుందట. తగ్గేది నడుమో గుడ్డో చూడాలి.

నీ వదిన


జూన్ 21

వదినా,

కుదిరింది! నువ్వు పంపిన అంకెలతో నాలుగు రోజులు కూర్చున్నాను. మొదటి రోజు నిలువు గీతలు వచ్చాయి గానీ అడ్డగీతలు తోక తెగిన బల్లుల్లా ఎటో పోయాయి. రెండో రోజు తిరగలి తిరిగింది గానీ అపసవ్యంగా తిరిగింది. మూడో రోజు సరిగ్గా వచ్చి, పదో వరసలో చిన్న గీత ఒకటి లేచిపోయింది. నాలుగో రోజు పొద్దున నొక్కాను. నడవ మొత్తం ఒక్క ఊపున పరుచుకుంది. ముందు తలుపు దగ్గర నిండు తిరగలి, వెనక తలుపు దగ్గర నిండు తిరగలి, మధ్యలో ఒక్క ముక్క కొయ్యక్కర్లేదు. సరిగ్గా తొంభై ఆరు. ఆఫీసులో లేచి నిలబడ్డాను, పక్క సీటువాళ్ళు పాము కనబడిందేమో అనుకున్నారు.

మేడమ్ చూసింది. కళ్ళజోడు తియ్యలేదు, అంటే మెచ్చుకున్నట్టే. హాచ్‌కి పేరేం పెట్టావంది. తిరగలి అన్నాను. ఆసుపత్రి వాళ్ళ మీటింగులో "మా ఆఫీసు డిజైను" అని చూపించింది. అప్పుడు లేచి మా అన్నయ్యది అని చెప్పాలనిపించింది, చెప్పలేదు. అంతమంది ముందు ఎందుకులే అనుకున్నాను. తర్వాత చెబుతాను.

అన్నయ్య పలకలు తెచ్చిన పాత కార్ఖానా ఇంకా నడుస్తోందట, అచ్చులు కూడా అవేనట. అక్కడే చేయిస్తున్నారు.

పరిచే పని సంగతి కంట్రాక్టరు చూసుకుంటాడు వదినా, నా చేతిలో లేదు. చెప్పి చూస్తాను.

పెన్సిలు


జూలై 9

పెన్సిలుకి,

నీ ఉత్తరంలో చివరి లైను మీ అన్నయ్య ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. "చెప్పి చూస్తాను అంటే చెప్పేసినట్టే, పెన్సిలు ఊరికే రాయదు" అంటాడు. కాదయ్యా, చూస్తాననే రాసింది అని స్లేటు మీద రాసి చూపించాను. మా ఇంట్లో మాటలన్నీ ఇప్పుడు స్లేటు మీదే కదా. నా అక్షరాలు ఎడమ చేత్తో చెరిపేసి నవ్వాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం కష్టమనుకున్నాను గానీ, స్లేటు పట్టుకోవడం అంతకంటే కష్టం.

వంటగది పని ఒకటి, మెట్ల పని ఒకటి వస్తే రెండూ వద్దన్నాడు. మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు కొత్తవి కొన్నాడు. రసమట్టం అద్దం తుడిచి తుడిచి లోపలి బుడగ కూడా సిగ్గుపడేలా చేశాడు. ఎప్పుడు రమ్మంటారో రాయి.

నీ వదిన


జూలై 30

వదినా,

ఆ రెండు పనులూ ఎందుకు వదిలేయనిచ్చావు? నేను మాట ఇవ్వలేదు కదా. కంట్రాక్టరుకి సొంత మనుషులున్నారు. ఆఫీసులో గీసే అమ్మాయి వెళ్ళి మా అన్నని పెట్టుకోండి అంటే నవ్వుతారు. ఒకసారి అతని బల్ల దాకా వెళ్ళాను. ఫోన్లో ఉన్నాడు. నిలబడి నిలబడి వచ్చేశాను.

అన్నయ్యకి నెమ్మదిగా చెప్పు. నామీద కోపం పెట్టుకోవద్దను. వచ్చే వారం నన్ను వేరే ఊరి సైటుకి పంపుతున్నారు, మూడు వారాలు ఉండను. వచ్చాక రాస్తాను.

పెన్సిలు


ఆగస్టు 18

పెన్సిలుకి,

నువ్వు ఊళ్ళో లేవని తెలిసినా రాస్తున్నాను, రాగానే చూస్తావని. మీ అన్నయ్య అక్కడికొచ్చాడు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. మూడో రోజు సంచీ సర్దుకున్నాడు. "దానికి నోరు రాకపోతే నాకు చేతులున్నాయి" అని బస్సెక్కాడు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడట. కంట్రాక్టరు మనుషులకి నిజంగానే రెండో వరసకి తల తిరిగిందట! ఫోర్‌మన్ చిరాకులో ఉంటే ఈయన చెప్పులు విప్పి లోపలికెళ్ళి, ఎవరినీ అడక్కుండా నాలుగు తిరగళ్ళు పరిచి చూపించాడు. అక్కడే ఉండమన్నారు. ముందు తలుపు వైపు ఒక జట్టు, వెనక తలుపు వైపు ఇంకో జట్టు, ముందు జట్టుకి ఈయన పెద్ద. ఫోర్‌మన్ చెప్పాల్సింది గోడ మీద సుద్దతో రాస్తాడట.

ఇదంతా సైటులో ఒకతని చేత ఫోను చేయించి చెప్పించాడు. ఆ పిల్లాడు ఇంకోటి కూడా చెప్పాడు. "అమ్మా, మీ ఆయన రోజుకి పదిసార్లు చెబుతాడు, ఈ డిజైను నాది, గీసింది మా చెల్లెలు అని. మాకు బట్టీ వచ్చేసింది" అన్నాడు.

మీ ఆఫీసుకి మాత్రం రాడట. సిమెంటు బట్టలతో వస్తే నీకు నామోషీ అని ఆయనే అనుకుంటున్నాడు. నువ్వే వెళ్ళి చూడు. ఒక పూట ఎదురుగా కూర్చుని తినిపించు.

నీ వదిన


సెప్టెంబర్ 10

వదినా,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. అన్నయ్య ఇల్లు చేరాడా? అది ఒక్కటి ముందు రాయి.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నేను ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చి పొద్దున నేరుగా ఆఫీసుకెళ్ళాను. అప్పటికే అందరూ మీటింగులో ఉన్నారు. రెండు వైపుల నుంచి వచ్చిన నేల నడిమధ్యలో కలవలేదు. ఖాళీ మిగిలింది. ఐదు వందల డెబ్బై ఆరు మిల్లీమీటర్లు, రెండడుగులకి కాస్త తక్కువ. డ్రాయింగులో తొంభై ఆరు తిరగళ్ళు తలుపు నుంచి తలుపుకి నిండిపోతాయి. నేల మీద నిండలేదు. కార్ఖానా అతను తన పలకలు అచ్చు ప్రకారమే ఉన్నాయన్నాడు. కంట్రాక్టరు తన పని డ్రాయింగు ప్రకారమే ఉందన్నాడు. అందరూ నా వైపు చూశారు. మేడమ్ కళ్ళజోడు తీసింది.

"ఈ కొలత నీకెవరిచ్చారు?" అంది.

"మేస్త్రీ ఇచ్చాడు" అన్నాను.

"అయితే అదే కాగితం మీద రాసి ఇవ్వు."

రాసిచ్చాను. "కొలత పాత నేల పరిచిన మేస్త్రీ ఇచ్చినది, తప్పు అక్కడ జరిగింది" అని. పేరు రాయలేదు. అన్న అని రాయలేదు. మేస్త్రీ అంటే ఎవరో ఎవరికీ తెలియదులే, మాట గాల్లో పోతుందిలే అనుకున్నాను. నీ ఉత్తరం అప్పటికింకా నేను చూడలేదు వదినా. హాస్టల్ బల్ల మీద రెండు వారాలుగా పడి ఉంది. సాయంత్రం గదికొచ్చాక చదివాను. సైటుకి పరుగెత్తాను. గేటు దగ్గర కాపలా మనిషి, "ఆ చెవిటి మేస్త్రీయా? మధ్యాహ్నమే పంపించేశారు. డిజైను నాదేనని చెప్పుకునేవాడుగా, దొరికిపోయాడు" అన్నాడు.

రాత్రి లెక్క చూసుకుంటే తిరగలికి ఆరు మిల్లీమీటర్లు, అంటే రెండు సందులు, ఎక్కువ గీశాను. 306లో సందు కలిసే ఉందని నువ్వు రాయలేదు వదినా. నేను విడిగా కలిపాను.

పెన్సిలు


సెప్టెంబర్ 17

నీకు,

చేరాడు. చేరినవాడు చేరినట్టే ఉన్నాడు, మనిషి రాలేదు.

ఫోర్‌మన్ గోడ మీద సుద్దతో రాశాడట. "తప్పు కొలత ఇచ్చింది నువ్వే. మీ చెల్లెలి ఆఫీసే రాసిచ్చింది." ఎప్పుడూ రాసే గోడ మీదే, అందరూ చదివేలా. ఈయన ఆ రాత వేలు పెట్టి చదువుతుంటే జట్టువాళ్ళు చుట్టూ నిలబడ్డారట. ఆయన కింద పెట్టిన పలక పైకి తీసి, తుడిచి, దొంతిలో పెట్టి వచ్చేశాడు.

ఇంటికి రాగానే మంచం ఎత్తాడు. నన్ను పిలవలేదు, ఒక్కడే ఎత్తాడు. రోజంతా కొలిచాడు. పొడుగు ముక్క, చదరం, సందు, మొత్తం. సాయంత్రం నా ముందు కూర్చుని "306 సందుతో కలిపే. నేనలాగే చెప్పాను. నువ్వేం రాశావు?" అన్నాడు.

"నువ్వు చెప్పిందే" అని స్లేటు మీద రాశాను.

వేలు పెట్టి చదివాడు. "అయితే పెన్సిలే" అన్నాడు. అంతే.

నాకు తెలియకడుగుతాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నీ లెక్క తప్పితే నీ అన్న మెడకి చుడతావా? నిన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని డ్రాయింగు క్లాసుకి దింపి వచ్చిన మనిషి కాడూ? పేరు రాయలేదట! మేస్త్రీ అని రాసిందట! అదేదో దయ చేసినట్టు. నీ ఉత్తరం ఆయన చేతికివ్వలేదు, మీటింగులో ఎవరిచ్చారంటే మేస్త్రీ అన్నావని మాత్రం స్లేటు మీద రాసి చూపించాను.

వదిన


సెప్టెంబర్ 25
(కుట్టు షాపు అడ్రసుకి)

వదినా,

ఇంటికి రాస్తే అన్నయ్య చదువుతాడని షాపుకి పంపుతున్నాను. కోపంగా చించెయ్యకు.

నీ జూన్ ఉత్తరం నా ముందుంది. రెండు లైన్లున్నాయి. "తిరగలికి తిరగలికి 306. సందు 3." సందుతో కలిపి అన్న మాట లేదు. ముక్కల కొలతలు అన్నయ్య చెప్పాడని నువ్వే రాశావు, ఎంతో రాయలేదు. అవి ఉండుంటే ఎవరికైనా తేలిపోయేది.

నా తప్పు దాచను. పొడుగు ముక్క రెండు వంతులు, పొట్టి వైపు ఒక వంతు కదా అని 306ని మూడుతో భాగిస్తే 102 వచ్చింది, చిల్లర మిగల్లేదు. అంకె అంత అందంగా తెగింది కదా, ముక్క అంతే ఉంటుందనుకున్నాను. దానికి రెండు సందులు కలిపి 312 చేశాను. ఒక్క ఫోను చేసి కలిపా, కలపకనా అని అడిగితే సరిపోయేది. అడగలేదు. మేస్త్రీ చెల్లెలికి ఈమాత్రం తెలీదా అని మీరు నవ్వుతారనుకున్నాను. అక్కడ మొదలైంది. తర్వాత మీటింగులో నోటికొచ్చిన మొదటి మాటతో నన్ను నేను కాపాడుకున్నాను. అది తప్పు కాదు, పాపం. నాకు తెలుసు.

నాది నేను అన్నయ్యకి చెబుతాను. నీది నువ్వు చెప్పు. ఆయన ఇప్పుడు సగమే వింటున్నాడు.

పెన్సిలు


అక్టోబర్ 5

పెన్సిలూ,

షాపులో మిగతావాళ్ళు తిండికి వెళ్ళారు. మిషను మీద కాగితం పెట్టి రాస్తున్నాను.

అవును. ఆయన చెప్పాడు. నడిమి చదరం తొంభై ఏడు. పొడుగు ముక్క రెండు వందలు, దాని పక్కన పొట్టి వైపు వంద, రెండు సందులు ఆరు, అంతా కలిపి 306. వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. నేను రాయలేదు.

ఎందుకంటే చెబుతాను, నవ్వకు. ఆయన నా గొంతు విని నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళుగా నాతో మాట్లాడేది తిండి, అద్దె, బస్సు. స్లేటు మీద ఎంత పడుతుందో అంత. ఆ ఆదివారం గంటసేపు మాట్లాడాడు. నోట్లోంచి మాటలు అలా వస్తూనే ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది. అవన్నీ నీకోసం. నేను రాసిపెట్టే చెయ్యిని, అంతే. విసుగొచ్చింది. పొయ్యి వంక పెట్టి లేచి వెళ్ళి, వచ్చాక గుర్తున్న రెండు అంకెలు రాసి అంటించేశాను. చెడగొట్టాలని కాదు, ఒట్టు. ఇంకా ఎక్కువ రాయబుద్ధి కాలేదు. అంతే.

బట్ట కొలత ఎవరు తెచ్చినా, కుట్టు వదిలి చెబుతున్నారా, కలిపి చెబుతున్నారా అని రోజూ అడిగేదాన్ని నేనే. నన్ను మించి ఆ తేడా ఎవరికి తెలుసు?

ఆ రోజు స్లేటు మీద నిజం రాద్దామనే సుద్ద పట్టుకున్నాను. చెయ్యి వేరేది రాసింది. ఇప్పుడు మార్చలేను పెన్సిలూ. డాక్టరు ఏం చెప్పాడన్నా, ఇంటివాళ్ళు ఏమన్నారన్నా, వీధిలో ఎందుకా గోల అన్నా, నేను రాసిందే ఆయనకి లోకం. ఒక్కసారి అబద్ధం రాశానని తెలిస్తే ఇక ఏది నమ్ముతాడు? నీకు ఉద్యోగముంది, ఊరుంది, రేపు ఇంకో నడవ వస్తుంది. నాకున్నది ఆ స్లేటు మీద నమ్మకం ఒక్కటే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు కూడా నువ్వే మొయ్యి. అడగడానికి సిగ్గుగానే ఉంది. అడుగుతున్నాను.

వదిన


అక్టోబర్ 18
(కుట్టు షాపు అడ్రసుకి)

వదినా,

మోస్తాను. ఇంటికి వేరే ఉత్తరం వేశాను, దాన్ని ఆయన చేతికే ఇవ్వు.

మేడమ్ దగ్గరికి వెళ్ళి తప్పు నాదని, మేస్త్రీ కొలత సరైనదేనని చెప్పాను. విని, "అయిపోయిన సంగతి. ఇప్పుడు కాగితం మారిస్తే ఆఫీసు మీదకొస్తుంది" అని తలుపు చూపించింది. ఇంకో సంగతి విను. ఆ నడిమధ్య ఖాళీని నల్లరాయి పట్టీతో నింపారు. ఆసుపత్రి వాళ్ళకి తెగ నచ్చింది. నేల అక్కడ ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టుంది అన్నారట. మేడమ్ ఇప్పుడు అది ముందే ఆలోచించి పెట్టిందని చెబుతోంది. హాచ్‌లో ఆ పట్టీ కూడా గీసి దాచమంది. గీశాను.

ఎవరికీ ఏమీ కాలేదు వదినా. అన్నయ్యకి తప్ప.

పెన్సిలు


అక్టోబర్ 18

అన్నయ్యా,

కొలత నువ్వు సరిగ్గానే ఇచ్చావు. వదిన సరిగ్గానే రాసింది. సందు కలిపే ఉందని ఉత్తరంలో ఉంది, నేనే సరిగ్గా చదవకుండా మళ్ళీ కలిపాను. మీటింగులో భయపడి నీ మీదకి నెట్టాను. వదిన తప్పేమీ లేదు, తను సరిగ్గానే రాసింది. నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు, ఇప్పుడూ తప్పలేదు. నువ్వు రమ్మంటే వచ్చి నీ ఎదురుగా ఇదే మాట కాగితం మీద రాసి చూపిస్తాను.

పెన్సిలు


నవంబర్ 2

పెన్సిలు,

ఇది నేనే రాస్తున్నాను. మీ వదిన షాపులో ఉంది. నా రాత నీకు తెలుసు, గొణగకుండా చదువు.

నీ ఉత్తరం అందింది. రెండు రోజులు చదివాను.

ముందు నా సంగతి. అక్కడ గోడ మీద నీ డ్రాయింగు చూసి పది తిరగళ్ళకి ఒకటి చొప్పున గుర్తులు పెట్టారు. నేను పదో తిరగలి పరిచేసరికి గుర్తుకి ఆరు సెంటీమీటర్లు ఇవతలే ఆగింది. మూడో రోజే చూశాను. జట్టులో ఒకడు కూడా చూసి నా భుజం తట్టాడు. పనిచూసుకో అని సైగ చేశాను. నువ్వు గీసింది కదా. నడుమ ఏదన్నా పెట్టడానికి చోటు వదిలుంటావు, చదువుకున్న పిల్ల ఊరికే గీయదు అనుకున్నాను. నా చేతి కంటే నీ కాగితాన్ని నమ్మాను. ఆ రోజు నోరు తెరిచుంటే పది వరసలతో పోయేది. అది నా తప్పు. దానికి నిన్ను ఏమీ అనను.

రెండోది. వదిన సరిగ్గానే రాసిందని నువ్వు రెండుసార్లు రాశావు. ఒకసారి రాసుంటే నమ్మేవాణ్ణి.

మీ వదినని నేను అడగను. అడిగితే ఈసారి చెప్పేస్తుంది. చెప్పాక స్లేటు మీద తను రాసే ప్రతి మాటా నేను అటూ ఇటూ తిప్పి చూసుకోవాలి. తను నా మొహం చూసి వణకాలి. ఆ బతుకు ఇద్దరికీ వద్దు. ఒకరిని నమ్మాలి, ఒకరిని వదులుకోవాలి. పొద్దున లేస్తే తన మొహమే నాకు కనపడేది. కాబట్టి తప్పంతా నీదే అనుకుంటాను. నువ్వే రాసిచ్చావు కదా, అలాగే ఉండనీ.

మూడోది ఎలా రాయాలో తెలియలేదు. కొలత తప్పడం నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు నేను తప్పిన కొలతలు చాలా ఉన్నాయి. తప్పితే పీకి మళ్ళీ పరుస్తాం. కానీ అంతమంది ముందు ఎవరిచ్చారు అని అడిగితే నీ నోటికి మేస్త్రీ అని వచ్చింది. మా అన్న అని రాలేదు. డిజైను మెచ్చుకున్నప్పుడూ రాలేదు, తిట్టినప్పుడూ రాలేదు. ఆ నేల మీద నేను పదిహేను రోజులు మా చెల్లెలు, మా చెల్లెలు అని అరిచాను. నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో కూడా తెలియదు. దీనికి ఏదన్నా వంక దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

ఈ ఇంటికి ఉత్తరాలు రాయకు. కవరు మీద నీ రాత చూస్తే ఆ పూట మీ వదినకి ముద్ద దిగడం లేదు. నువ్వు రావద్దు కూడా. సోమవారం నుంచి సిమెంటు గోడౌన్లో బస్తాలు దించే పనికి వెళ్తున్నాను. అక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు, లారీ వస్తే దించుతారు.

ఒంట్లో జాగ్రత్త. షాపు మూసే వేళయింది. మీ వదిన వచ్చేలోపు దీన్ని పోస్టు డబ్బాలో వేసి రావాలి.

అన్నయ్య